పనీ పాటా



మన ఇళ్లలో ఒక తిట్టు ఉంది. పెద్ద తిట్టేం కాదు. పొద్దెక్కినా మంచం దిగని కొడుకును చూసి అమ్మ అంటుంది: "నీకు పనీ పాటా లేదారా?" అరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ల మీద మాటలు విసిరే మనిషిని చూసి ఊరంతా అంటుంది: "వాడా, పనీ పాటా లేనోడు!" మీరూ ఎవరినో అనే ఉంటారు. ఎప్పుడో పడే ఉంటారు. నేనైతే చాలాసార్లు పడ్డాను.

ఎప్పుడైనా ఆలోచించారా? పని లేదంటే సరే, అర్థమైంది. పక్కన పాట ఎందుకొచ్చింది? పని లేనివాడికి పాట కూడా ఉండదని మన పెద్దవాళ్లు ఎందుకనుకున్నారు?

ఈ కాసేపూ నేను ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతాను. పనీ పాటా. తన పాట తానే కట్టి, తానే పాడే మనిషి బతుకు గురించి మాట్లాడుకుందాం. ఆ మనిషి పొద్దంతా ఏం పని చేస్తాడు? పాట ఎప్పుడు కడతాడు? ఆ పాటకు ఏం ముడుతుంది?

ముందు కొండకల్ పోదాం రండి. రంగారెడ్డి జిల్లా, శంకర్‌పల్లి మండలం. మొయినాబాద్, చేవెళ్ల పక్కపక్కనే. కూరగాయలు, పూలు పండించి పట్నానికి పంపే నేలలివి. ఇప్పుడు కొండకల్ పేరు చెబితే చాలామందికి రైలు పెట్టెల కర్మాగారం గుర్తొస్తుంది. 2023లో మొదలైంది. చుట్టుపక్కల విల్లాల గోడలు లేస్తున్నాయి. అయినా ఈ ప్రాంతంలో ఏ ముసలమ్మ దగ్గర కూచున్నా, నాట్ల మాట ఎత్తితే చాలు, కళ్లు మెరుస్తాయి.

ఆ మడిని ఒకసారి ఊహించుకోండి. మోకాలి దాకా బురద. పది పన్నెండు మంది ఆడవాళ్లు. నడుము వంచి, ఎడమ చేతిలో నారు కట్ట పట్టుకుని, వెనక్కి అడుగులేస్తూ నాటేస్తున్నారు. ఒకామె గొంతెత్తుతుంది. ఒక మాట పాడుతుంది. మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఆమె ఇంకో మాట పాడుతుంది. మళ్లీ వాళ్లు అందుకుంటారు.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. మిగతావాళ్లు అందుకున్న ఆ రెండు మూడు క్షణాలున్నాయి చూశారా, ఆ కాస్త సేపట్లోనే మొదటామె తర్వాతి మాట వెతుక్కుంటుంది. ఆసామి పిసినారితనం గుర్తొస్తే అది పాటలోకి వస్తుంది. కొత్త కోడలి కష్టం గుర్తొస్తే అది వస్తుంది. ఆమెకు కాగితం లేదు, కలం లేదు. తోటివాళ్ల వంతపాటే ఆమెకు కాగితం. ఆ రెండు క్షణాలే కలం.

ఇప్పుడు చాలాచోట్ల నాట్లకు బిహార్ నుంచి, బెంగాల్ నుంచి కూలీలు వస్తున్నారు. మడి అదే. బురద అదే. పాట మాత్రం వేరే భాషలో వినిపిస్తోంది.

పాడుతూనే తర్వాతి మాట వెతుక్కునే ఈ కిటుకు మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో దక్షిణాన మిసిసిపీ అనే రాష్ట్రం ఉంది. పత్తి చేల నేల. బానిసత్వం చట్టంలో పోయినా, బతుకులో పోని నల్లజాతి కూలీలు అక్కడ ఒక పాట పుట్టించారు. దాని పేరు బ్లూస్. బ్లూస్ పాటలో చాలాసార్లు ఒక వరస ఉంటుంది. మొదటి చరణాన్ని పాడతాడు. అదే చరణాన్ని రెండోసారి పాడతాడు. మూడోసారి దానికి జవాబు పాడతాడు. మొదటిది ప్రశ్న, రెండోదీ అదే ప్రశ్న, మూడోది జవాబు. రెండోసారి ఎందుకు పాడతాడు? వినేవాళ్ల మనసులో నాటుకోవడానికి. తనకు జవాబు తట్టడానికి కూడా. మన నాటు పాటలో తోటి ఆడవాళ్లు ఇచ్చే వ్యవధిని, ఆ ఒంటరి గిటారు మనిషి తనకు తానే ఇచ్చుకుంటాడు. మిసిసిపీ పత్తిచేనుకూ, మన వరిమడికీ మధ్య సముద్రాలున్నాయి. చేతికి పని, నోటికి పాట మాత్రం రెండుచోట్లా ఒకటే.

సరే, ఇప్పుడు మనుషుల్లోకి వద్దాం.

అందెశ్రీ గారు. సిద్దిపేట జిల్లా రేబర్తిలో 1961లో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు లేని పిల్లవాడు. బడికి పోలేదు. గొర్రెలు కాశారు. తర్వాత తాపీ పట్టారు, ఇళ్లు కట్టారు. తాపీ పని చూసినవాళ్లకు తెలుసు. దారం కట్టుకుని ఇటుక పక్కన ఇటుక పేర్చాలి. దారం తప్పితే గోడ వంకరపోతుంది. పాట కూడా అంతే కదా. లయ ఒక దారం. అక్షరం రాని మనిషి పాటను ఎక్కడ రాసుకుంటాడు? గుండెలోనే కట్టాలి, నాలుక మీదే దాచుకోవాలి. మర్చిపోతే పాట పోయినట్టే. అలా నాలుక మీద నిలిచిన పాటల్లో ఒకటి "జయ జయహే తెలంగాణ". 2024 జూన్ 2న అది తెలంగాణ రాష్ట్ర గీతమైంది. కీరవాణి గారు దానికి సంగీతం చేశారు. బడి మెట్టెక్కని మనిషి కట్టిన పాటను ఇవాళ బడిపిల్లలు పాడుతున్నారు. 2025 నవంబరులో అందెశ్రీ గారు కన్నుమూశారు. కాకతీయ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కానీ ఆ డాక్టరేట్ కంటే ముందు ఆయన చేతిలో ఉన్నది తాపీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు తాపీ, తర్వాతే డాక్టరేట్.

గద్దర్ గారి పేరు వినని ఊరు లేదు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు. గొంగడి, గజ్జెలు, చేతిలో కర్ర, ఇదీ మన కళ్ల ముందు మెదిలే రూపం. కానీ అదే మనిషి కొన్నేళ్ల పాటు కెనరా బ్యాంకులో గుమస్తా. పొద్దున లెడ్జర్లు, సాయంత్రం పాటలు. రిక్షా తొక్కేవాళ్ల మీద పాట కట్టిన గొంతే, పగలు కౌంటర్ దగ్గర ఖాతాదారులతో మాట్లాడేది.

ఉత్తరాంధ్రకు వెళ్తే వంగపండు ప్రసాదరావు గారు. విశాఖపట్నం షిప్‌యార్డులో కార్మికుడు. ఓడల ఇనుము మధ్య పనిచేసిన మనిషి. ఆయన పాటల్లో యంత్రాల శబ్దం వినిపిస్తుందంటే ఆశ్చర్యం ఏముంది!

గోరటి వెంకన్న గారు. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. తండ్రి యక్షగానం ఆడినవారు. వెంకన్న గారు సహకార శాఖలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే పాటలు కట్టారు. 2002లో వచ్చిన "కుబుసం" సినిమాలో ఆయన పాట విని, సొంత ఊరు విడిచి వచ్చిన ఎందరో కళ్లు తుడుచుకున్నారు. 2021కి ఆయన "వల్లంకి తాళం" పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

భువనగిరి బెల్లి లలిత గారిని మరిచిపోకూడదు. స్పిన్నింగు మిల్లు కార్మికురాలు. మిల్లు షిఫ్టు దిగి, తెలంగాణ సభల్లో వేదికెక్కేవారు. 1999లో ఆమెను దారుణంగా చంపేశారు. ఆమె పాట మాత్రం సభల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

గమనించారా? తాపీ మేస్త్రీ, బ్యాంకు గుమస్తా, ఓడల కార్మికుడు, సహకార శాఖ ఉద్యోగి, మిల్లు కార్మికురాలు. అందరికీ పాట ఉంది. అందరికీ పని కూడా ఉంది. వీళ్లలో పాట మీదే బతకగలిగినవాళ్లు తక్కువ. పాట కడుపు నింపలేదు. పనే పాట కడుపు కూడా నింపింది.

పని పాటకు డబ్బు ఒక్కటే ఇవ్వలేదు. మాటలిచ్చింది. గొర్రెల వెంట తిరగనివాడికి గొర్రె నడక తెలియదు. మిల్లులో నిలబడనివాళ్లకు దూది దగ్గు తెలియదు. మన పెద్దవాళ్లు పనినీ పాటనూ ఒక్క మాటగా కలిపారంటే ఊరికే కలపలేదు.

అటు మిసిసిపీలో కూడా ఇదే వరస. మడ్డీ వాటర్స్ అని గొప్ప బ్లూస్ గాయకుడు. పెద్ద భూస్వామి పొలంలో ట్రాక్టర్ తోలేవాడు. 1941లో పాటలు సేకరించే అలన్ లోమాక్స్ అనే ఆయన రికార్డింగు యంత్రం వేసుకుని మడ్డీ వాటర్స్ గుడిసె వెతుక్కుంటూ వచ్చాడు. పాట పాడించుకున్నాడు, అక్కడికక్కడే వినిపించాడు. తన గొంతు తానే మొదటిసారి విన్నాడు ఆ ట్రాక్టర్ డ్రైవర్. తర్వాత ఆయనకు అందింది రెండు రికార్డు ప్రతులు, ఇరవై డాలర్లు. రెండేళ్లకు షికాగో వెళ్లాడు. అక్కడా కొన్నాళ్లు పగలు ట్రక్కు తోలాడు, రాత్రి పాడాడు. ఊరు మారింది, బండి మారింది. పని, పాట మాత్రం జంటగానే నడిచాయి.

మళ్లీ మన ఊళ్లకు వద్దాం. ఇప్పుడొక వాయిద్యాన్ని దగ్గర్నుంచి చూద్దాం. రేడియోలో చూడటమేమిటంటారా? చెవులతోనే చూడండి.

కిన్నెర. పన్నెండు మెట్ల కిన్నెర. పొడుగాటి వెదురు బొంగు. దాని కింద ఎండబెట్టి డొల్ల చేసిన సొరకాయ బుర్రలు. బొంగు మీద వరసగా పన్నెండు మెట్లు. వాటిని అతికించేది తేనెతుట్టె మైనం. వేసవిలో మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది. మెట్టు జరిగితే స్వరం జరుగుతుంది. అందుకే కిన్నెర వాయించేవాడు పాట మొదలుపెట్టే ముందు మెట్లను సరిచూసుకోవాలి. ఇందులో కొన్నదానికంటే చేసుకున్నదే ఎక్కువ. వెదురు అడవిది, బుర్ర పెరటిది, మైనం తేనెటీగలది. పాట మనిషిది.

ఈ కిన్నెరను మన కాలానికి వినిపించినవారు దర్శనం మొగులయ్య గారు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. పండుగ సాయన్న కథ ఆయన గొంతులో వినాలి. ధనవంతుల దగ్గర తీసుకుని పేదలకు పంచిన పాలమూరు వీరుడి కథ అది. మొగులయ్య గారి గురించి ఎనిమిదో తరగతి పుస్తకంలో పాఠం వచ్చింది. 2021లో "భీమ్లా నాయక్" సినిమా పాటలో ఆయన గొంతు దేశమంతా మోగింది. 2022లో పద్మశ్రీ.

2024లో ఒక వీడియో వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు. హైదరాబాద్ శివార్లలో ఇల్లు కడుతున్న చోట మొగులయ్య గారు కూలి పని చేస్తున్నారు. నెలనెలా వచ్చే పింఛను ఆగిందని ఆయన చెప్పుకున్నారు. పాఠంలో ఉన్న మనిషి, పద్మశ్రీ అందుకున్న మనిషి, నెత్తిన తట్ట ఎత్తుకున్నారు.

కూలి చేయడం తప్పు కాదు శ్రోతలారా. ఈ కథ మొదటి నుంచీ నేను చెబుతున్నది అదే. పని చేసే చేతికే పాట దక్కింది. తప్పు ఎక్కడుందంటే, ఆ వయసులో కూలి ఒక్కటే మిగలడంలో ఉంది. పాట విన్నవాళ్లం ఇంతమందిమి ఉండగా, పాటకు ముట్టాల్సింది ముట్టకపోవడంలో ఉంది.

పాటకు ఏం ముడుతుందో కాస్త లెక్క చూద్దాం. అంకెలేం చెప్పను లెండి, భయపడకండి.

ఒక జానపద కళాకారుడికి కార్యక్రమం కుదిరిందనుకోండి. చేతికి కాస్త బయానా అందుతుంది. డప్పు వాయించేవాళ్లను మాట్లాడుకోవాలి. ఢోలక్ కావాలి, కీబోర్డు కావాలి, వంత పాడేవాళ్లు ఇద్దరు కావాలి. అందరికీ బండి కిరాయి, అందరికీ అన్నం. సాయంత్రం ఆరింటికి రమ్మంటారు. పెద్దమనుషుల ఉపన్యాసాలు అయ్యేసరికి రాత్రి పది. ఈలోపు డప్పుల వాళ్లు వేదిక వెనక గడ్డి మంట వేసి డప్పు కాపుతుంటారు. చర్మం బిగిస్తేనే దెబ్బ పలుకుతుంది. చల్లారితే మళ్లీ కాపాలి. నాలుగు గంటల్లో నాలుగుసార్లు కాపుతారు. చివరికి నాలుగు పాటలు పాడమంటారు. బయానా పోను మిగతా డబ్బు "రేపు రా" అంటారు. రేపు ఆయనకు పని ఉంటుంది. పనికి పోకపోతే ఆ రోజు కూలి పోతుంది.

ఎన్నికలొస్తే చేతినిండా కార్యక్రమాలే. పాత బాణీలో కొత్త నాయకుడి పేరు ఇరికించి పాడమంటారు. ఎన్నికలు అయిపోతాయి. గొంతు బొంగురు మాత్రం నెల రోజులు మిగిలిపోతుంది.

తెలంగాణ వచ్చాక ప్రభుత్వం సాంస్కృతిక సారథి పెట్టింది. 550 మంది కళాకారులకు జీతం దొరికింది. మంచి పనే. ఇంటి కిరాయికి వెతుక్కోవలసిన అవసరం తప్పింది. కానీ జీతం ఇచ్చే పాట పథకాల పాట. ఊళ్లో చెరువు కబ్జా మీద కట్టాలనుకున్న పాట సెలవు రోజు కోసం ఎదురుచూడాలి.

ఇక పేరు సంగతి. డబ్బు కంటే ఇదే నాకు పెద్ద బాధ.

హైదరాబాద్ నుంచి చేవెళ్ల పోయే బీజాపూర్ రోడ్డు మీకు తెలుసు. రెండు పక్కలా పాత మర్రిచెట్లు. మొయినాబాద్ దాటాక ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌస్‌లు. పెళ్లిళ్ల ముహూర్తాల్లో ఆ దారిన రాత్రిపూట పోతే బరాత్ ఎదురవుతుంది. డీజే డబ్బాలు గుండె మీద దరువేస్తుంటాయి. ఏం మోగుతోంది? జానపదమే. పెళ్లికొడుకు దోస్తులు చెమటలు కారేలా ఆడుతున్నది పల్లె పాటకే. ఆ కుర్రాళ్లను ఆపి అడగండి: "ఈ పాట ఎవరిది?" "ఫోక్ సాంగ్ అన్నా" అంటారు. అంతే. దానికి అమ్మా నాన్నా లేరు.

ఇది కొత్త రోగం కాదు. "మా భూమి" సినిమాలో గద్దర్ గారు గొంగడి భుజాన వేసుకుని పాడిన "బండెనక బండి కట్టి" పాట మీకు తెలుసు. చాలామంది అది గద్దర్ రాశారనుకుంటారు. ఇంకొందరు ఎవరూ రాయలేదు, జనం పాట అనుకుంటారు. కాదు. అది కట్టింది బండి యాదగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలోని మనిషి. పాట ఎంత పెద్దదయిందంటే, కట్టినవాడి పేరునే మింగేసింది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం సత్కారం ప్రకటించిన కవుల పేర్లలో ఆయన పేరు కూడా చదివారు. ఒక పేరు తిరిగి రావడానికి ఎంత కాలం పట్టిందో చూడండి.

చట్టం లేదా అంటే ఉంది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమాకు రాసిన పాట బయట మోగినప్పుడు రాయల్టీలో రచయితకు వాటా ఉండాలి, ఆ హక్కును నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు అని అందులో ఉంది. కానీ ఆ వాటా అందాలంటే ముందు రచయిత ఎవరో తెలియాలి. పేరు లేని పాటకు చెక్కు ఎవరి పేరున రాస్తారు?

ఈ విషయంలో రేడియోకు ఒక మంచి అలవాటు ఉంది. పాట వేసే ముందు రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా అని చెబుతుంది. చిన్నప్పుడు ఆ మాటలు విని విని రచయితల పేర్లు నాకు కంఠతా వచ్చాయి. కానీ జానపదం దగ్గరికి వచ్చేసరికి మేమూ చాలాసార్లు "ఒక జానపద గీతం" అనేసి ఊరుకుంటాం. ఆ తప్పు మాదీను.

పేరు ఎంత పని చేస్తుందో చెప్పే కథ ఒకటి ఉంది. అది చెప్పి ముగిస్తాను.

మళ్లీ మిసిసిపీ. జాన్ హర్ట్ అని ఒక రైతుకూలీ. 1928లో పట్నం వెళ్లి కొన్ని పాటలు రికార్డుకు ఇచ్చాడు. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. గడ్డు రోజులొచ్చాయి. ఇంటికొచ్చి మళ్లీ పొలం పనిలో పడ్డాడు. ఏళ్లు గడిచాయి. ప్రపంచం ఆయన్ను మరిచిపోయింది. బతికున్నాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. 1963లో టామ్ హాస్కిన్స్ అనే కుర్రవాడు ఆ పాత రికార్డు విన్నాడు. ఒక పాటలో హర్ట్ తన ఊరి పేరు పెట్టుకున్నాడు. అవలాన్. ఆ ఒక్క పేరు పట్టుకుని, హాస్కిన్స్ పటంలో వెతికి, ఆ పల్లెకు వెళ్లాడు. అడిగితే ఇల్లు చూపించారు. ఆ పాటలు రికార్డుకు ఇచ్చి అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆ ముసలాయన ఇంకా పొలం పనులే చేసుకుంటున్నాడు. చివరి మూడేళ్లు మాత్రం పెద్ద పెద్ద సభల్లో వేలమంది ముందు పాడి పోయాడు.

ఆయన్ను కాపాడింది ఏమిటి? ఊరి పేరు. పాటలో ఊరి పేరు ఉంది కాబట్టి మనిషి దొరికాడు.

అందుకే మీకో విన్నపం. కొండకల్ కానివ్వండి, చేవెళ్ల కానివ్వండి, మీ ఊరు ఏదైనా కానివ్వండి. ఈసారి బోనాలప్పుడో, బతుకమ్మ దగ్గరో, పెళ్లిలోనో మంచి పాట వింటే, పాడిన మనిషిని ఆపి రెండు ప్రశ్నలు అడగండి. పాట ఎవరు కట్టారు? ఏ ఊరు? జవాబు మీ ఫోనులో రాసుకోండి. ఆ పాటను ఇంకొకరికి పంపితే ఆ పేరు కూడా కలిపి పంపండి. కార్యక్రమానికి పిలిస్తే మిగతా డబ్బు రేపు రమ్మనకుండా ఆ రాత్రే చేతిలో పెట్టండి. తెల్లారితే ఆ మనిషి పనికి పోవాలి.

మళ్లీ చెబుతున్నాను, రెండే ప్రశ్నలు. పాట ఎవరు కట్టారు? ఏ ఊరు?